ఇంటి వాక్యం

అప్పయమ్మకు చదువు రాదు. బస్సు బోర్డు చదవలేక, ఎక్కేముందు "ఇది రోలుగుంట ఎల్తాదా బాబూ?" అని కండక్టరును అడిగి, ఎక్కి కూర్చున్నాక మళ్ళీ పక్కవాళ్ళను అడిగి ఖాయం చేసుకునే మనిషి. అలాంటి మనిషి నర్సీపట్నంలో జీడిపిక్కల షెడ్డులో కూర్చుని, పక్కావిడ నీరసంగా పిక్కలు కోస్తుంటే, "ఏటే నూకాలూ, ఈయేల అంత రిలక్టెంటుగా కోత్తన్నావు?" అనేది. షెడ్డంతా గొల్లుమనేది. మేస్త్రీ మంగరాజు గుమ్మంలోంచి, "ఇంగ్లీషు దొరసానీ, పిక్క మీద సూపెట్టు, ఏలు తెగుద్ది" అని కేకేసేవాడు. అప్పయమ్మ ఊరుకునే రకం కాదు. "రిలక్టెంటంటే మనసొప్పకుండా సేసే పని. మంగరాజు బాబు మాకు టీ తెప్పించాలంటే రిలక్టెంటు. ఇదీ వాక్యం" అనేది. మంగరాజు కూడా నవ్వేసి టీ తెప్పించేవాడు. ఆవిడ ఇంగ్లీషుతో ఆ షెడ్డుకు కలిగిన లాభం ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఆ మాటలన్నీ కూతురు పెట్టిన భిక్ష. కూతురి పేరు వెంకటదుర్గ. తండ్రి మత్స్యలింగం లారీ డ్రైవరు. చింతపల్లి ఘాటీలో లారీ లోయలోకి పోయినప్పుడు ఆ పిల్లకింకా పాలపళ్ళు ఊడలేదు. అప్పటి నుంచి ఊరవతల ఒక రేకుల గదిలో తల్లీకూతుళ్ళు ఇద్దరే. తల్లి పగలంతా పిక్కలు కోసేది. జీడి తగిలి వేళ్ళ కొసల చర్మం నల్లబడి పొరలు పొరలుగా లేచిపోయేది. రేషను దుకాణంలో మిషను మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా మనిషిని గుర్తుపట్టేది కాదు. "మిషనుకి కూడా నానెవరో తెల్దు" అని నవ్వేది అప్పయమ్మ. కూతుర్ని మాత్రం ఆ షెడ్డు గుమ్మం తొక్కనివ్వలేదు.

దుర్గ పదోతరగతి దాకా తెలుగులోనే చదువుకుంది. ఇంటర్లో చేరగానే పాఠాలన్నీ ఇంగ్లీషు. పాపం, లెక్కలు వచ్చు, బొమ్మలు వేయడం వచ్చు, మాటలే రావు. పుస్తకంలో ఒక్కో పేజీ ఒక్కో ముళ్ళకంచెలా కనపడేది. ఎవరో స్నేహితురాలు చెబితే ఫోనులో ఒక యాప్ పెట్టుకుంది. అది రోజూ కొన్ని మాటలు పంపిస్తుంది. మాట, తేలికైన అర్థం, ఒక ఉదాహరణ వాక్యం. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ తేలికైన అర్థానికి అర్థం తెలియాలంటే ఇంకో మాట వెతుక్కోవాలి. వాక్యాలేమో మంచు కురిసినప్పుడు జాన్ కోటు తొడుక్కున్నాడని, మేరీ సరస్సు ఒడ్డున పిక్నిక్కు వెళ్ళిందని. ఏప్రిల్ నెల ఎండలో, రేకుల కింద కూర్చుని, ఆ జాన్‌నీ ఆ కోటునీ గుర్తుపెట్టుకోవడం ఎవరి తరం? పొద్దున నేర్చుకున్న మాట సాయంత్రానికి ఆవిరైపోయేది.

ఒకరోజు సాయంత్రం అప్పయమ్మ గంజి వారుస్తోంది. దుర్గ గుమ్మంలో కూర్చుని ఒకే మాటను పదిసార్లు నెమరేస్తోంది. "ఏటే ఆ గొణుగుడు? నాకూ సెప్పు" అంది తల్లి. "నీకేటి తెలుస్తాదమ్మా" అంది కూతురు. "తెలిసీలాగ సెప్పు. నీకు తెలిస్తే నాకు తెలుస్తాది" అంది అప్పయమ్మ, గిన్నె మీద మూత బిగించి పట్టుకుంటూ. తేలిగ్గా అన్న మాటే. ఆ పిల్లకు మాత్రం దారి దొరికినట్టయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. గంజి వార్చేలోపల అమ్మకు అర్థమయ్యేలా మాట అర్థం చెప్పెయ్యాలి. అమ్మకు అర్థం కాలేదంటే దుర్గకూ రానట్టే లెక్క. ఆ తర్వాత ఒక వాక్యం. జాన్ వద్దు, మేరీ వద్దు. వాక్యం మన ఇంటిది కావాలి, లేకపోతే మన వీధిది కావాలి. అన్నిటికంటే ముఖ్యం, వాక్యం నిజం కావాలి. అబద్ధపు వాక్యం చెల్లదు.

ఈ చివరి షరతు దగ్గర తల్లీకూతుళ్ళకు రోజూ పేచీయే. 'జెనరస్' అంటే లెక్క చూసుకోకుండా పెట్టే మనిషి అని దుర్గ చెప్పగానే, అప్పయమ్మ "మా ఆడపడుచు జెనరస్" అంది. దుర్గ ఒప్పుకోలేదు. "అత్త ఇంట్లో పెల్లికెల్తే మనకి పప్పు కూడా మిగల్లేదు. సెల్లదు, ఇంకోటి సెప్పు" అంది. 'టెంపరరీ' వచ్చినప్పుడు వాక్యం కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ రేకులు కొన్నాళ్ళకే వేశానని, వచ్చే ఏడు స్లాబు వేయిస్తానని మత్స్యలింగం బతికున్నప్పటి నుంచీ ఇంటి యజమాని చెబుతూనే ఉన్నాడు. "రేకులు పర్మనెంటు, మాట టెంపరరీ" అంది దుర్గ. అప్పయమ్మ నవ్వీ నవ్వీ గంజి చేతి మీద ఒలకబోసుకుంది. 'వెల్దీ' దగ్గర మాత్రం ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. కలిగినవాళ్ళు అని అర్థం. ఇంటి వాక్యం దొరకలేదు. చివరికి "మనం వెల్దీ కాదు. ఇది నిజమే కదేటి?" అంది తల్లి. "నిజమే, సెల్లుద్ది" అంది కూతురు.

అలా అలా అప్పయమ్మకే పిచ్చి పట్టింది. బస్సు కాంప్లెక్సులో మైకులో వినపడ్డ మాట, సంతలో ఎవరి ఫోనులోంచో వచ్చిన మాట, మందుల షాపు కుర్రాడు అన్న మాట, ఏది కొత్తగా తగిలినా చీర కొంగుకు ముడి వేసుకునేది. మాట జారిపోకుండా దారంతా నోట్లో పెట్టుకుని వచ్చి, ఇంట్లో అడుగుపెట్టగానే ముడి విప్పి కూతురి ముందు పెట్టేది. "ఇదిగో, ఇదేటో సెప్పు." దుర్గకు తెలిస్తే చెప్పేది. తెలియకపోతే ఫోనులో చూసి, నమిలి, అమ్మకు పట్టేలా చేసి చెప్పేది. తల్లి తెచ్చేది, కూతురు విప్పేది. రేకుల గదిలో అంతకంటే పెద్ద సంబరం ఇంకోటి లేదు. పిల్ల ఇంటర్ గట్టెక్కింది. డిగ్రీలో చేరింది. క్లాసులో లేచి నిలబడి ఇంగ్లీషులో జవాబు చెప్పిన రోజు ఇంటికొచ్చి తల్లిని ఎత్తి తిప్పబోతే ఇద్దరూ కింద పడ్డారు.

ఆ పడ్డమే దుర్గ మోకాలి నొప్పికి కారణమని అప్పయమ్మ చాలా రోజులు నమ్మింది. పిచ్చితల్లి. నొప్పి అంతకుముందు నుంచే ఉంది, దుర్గ చెప్పలేదు. తైలాలు రాశారు, పట్టీ వేయించారు, మాకవరపాలెం దగ్గర ఎవరో కట్టు బాగా కడతారంటే అక్కడికీ వెళ్ళారు. మోకాలి పైన వాపు మాత్రం తగ్గలేదు. ఎక్సరే తీసిన డాక్టరు ఇక్కడ కాదు, విశాఖపట్నం వెళ్ళండన్నాడు. అక్కడి పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేశారు. ఎముకలో కేన్సరన్నారు. ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

వైద్యం మొదలైంది. జుట్టు ఊడింది. అన్నం చూస్తే వాంతి వచ్చేది. అయినా వార్డులో కూడా దుర్గ మాటల ఆట మానలేదు. పక్క మంచం వాళ్ళు వింటూ నవ్వుకునేవారు. 'బయాప్సీ' అంటే ఏమిటంటే, "అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు తీసి నొక్కి సూత్తావు కదా, అదే" అని చెప్పింది. 'సైడ్ ఎఫెక్ట్' అంటే, "మందు మంచికే ఇత్తారు, కానీ ఎల్తూ ఎల్తూ ఇంకేదో పాడు సేసి ఎల్తాది. మా మంగరాజు బాబు లాగ" అని తల్లి తనే వాక్యం కట్టింది. దుర్గ మంగరాజును ఎప్పుడూ చూడలేదు. అయినా చెల్లుతుందని తీర్పు చెప్పింది. నెల నెలా విశాఖపట్నం వెళ్ళి రావడం, వచ్చాక నాలుగు రోజులు పడుకోవడం, లేచి కాలేజీ పుస్తకాలు ముందేసుకోవడం. వైద్యం అయిపోతే పరీక్ష రాయాలని ఆ పిల్ల ఆశ. వైద్యం అయిపోతే జుట్టొస్తుందని తల్లి ఆశ. ఇద్దరి ఆశలూ ఒకటే.

మళ్ళీ స్కానింగు తీశాక డాక్టరు అప్పయమ్మను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. దుర్గ బయట బల్ల మీద కాలు చాపుకుని కూర్చుంది. డాక్టరు కాసేపు ఫిల్ములు చూశాడు. తర్వాత అడిగాడు.

"మగవాళ్ళెవరైనా వచ్చారామ్మా?"

"ఎవులూ లేరు బాబూ. నానే."

"అన్నదమ్ములో, మరిదిగారో?"

"నానే బాబూ."

మన ఊళ్ళలో కష్టం చెప్పాలంటే మగవాడు కావాలి. ఆడదానికి చెబితే అక్కడే కూలబడిపోతుందని భయం. ఆ డాక్టరు చెడ్డవాడేమీ కాదు. మొహం చూస్తే రాత్రంతా నిద్రలేనట్టు ఉంది, బయట వరండా నిండా జనం. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, పక్కన నిలబడ్డ చిన్న డాక్టరమ్మతో ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పాడు. అప్పయమ్మ చెవులు రిక్కించింది. అన్నీ కొత్త మాటలే, ఒకదాని వెనక ఒకటి పరిగెత్తాయి. చివర్న ఒక మాట రెండుసార్లు అన్నాడు. అది పట్టుబడింది. 'పాలియేటివ్.'

చిన్న డాక్టరమ్మ అప్పయమ్మ భుజం మీద చెయ్యి వేసి, "ఇక ఇంటికి తీసుకెళ్ళొచ్చమ్మా. ఇన్ని ఇంజెక్షన్లు అక్కర్లేదు. నొప్పికి మందులు రాసిస్తాం, మీ నర్సీపట్నంలోనే ఇస్తారు" అంది. ఇంటికి తీసుకెళ్ళొచ్చు. ఇంజెక్షన్లు అక్కర్లేదు. అప్పయమ్మకు ఆ రెండూ బంగారంలాంటి మాటలు. డాక్టరమ్మకు దండం పెట్టింది. గది దాటకముందే కొంగుకు ముడి వేసింది. ఎన్నేళ్ళ అలవాటది, చెయ్యి దానంతట అదే చేసేసింది.

తిరుగు బస్సులో దుర్గను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. అనకాపల్లి దాటాక గాలి కాస్త చల్లబడింది. పిల్ల కళ్ళు తెరిచి బయటికి చూస్తోంది. సంబరం పట్టలేక అప్పయమ్మ కొంగు ముడి విప్పింది.

"ఒలే, నీకో మాట తెచ్చాను. డాక్టరుబాబు దగ్గరి మాట. పెద్దది."

"ఏటది?"

"ఇంక ఇంజిషన్లొద్దంట. నీకు పాలియేటివ్ ఇత్తారంట. రెండుసార్లన్నాడు. అదేటో సెప్పు."

ఇలాంటి పని ఈ లోకంలో అప్పయమ్మ తప్ప ఇంకెవరూ చేసి ఉండరు. అడగడం తప్ప ఆవిడకు ఇంకేమీ తెలియదు. కొత్త మాట దొరికితే కూతురికివ్వాలి, కూతురు అర్థం చెప్పాలి. ఇన్నేళ్ళూ జరిగింది అదే. ఆ రోజూ అదే జరిగింది.

దుర్గ కిటికీ నుంచి తల తిప్పింది. "తెల్దా?" అని అడిగింది తల్లి. "ఆగు" అంది దుర్గ. ఫోను తీసి ఏదో నొక్కింది. చూసింది. ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది. తాళ్ళపాలెం దగ్గర హైవే వదిలి బస్సు నర్సీపట్నం రోడ్డులోకి తిరిగింది. చెరకు లోడు ట్రాక్టరొకటి అడ్డం వస్తే డ్రైవరు హారన్ మోగించాడు. దుర్గ కిటికీ వైపు తిరిగి చాలాసేపు బయటికే చూసింది. అప్పయమ్మ పిల్లకు కడుపులో తిప్పుతోందనుకుని సంచిలోంచి నిమ్మకాయ తీసింది.

"నిమ్మకాయొద్దమ్మా. పాలియేటివ్ అంటే నొప్పిని తగ్గించేది."

"అంతేనా? ఇంత పెద్ద మాటకి అంతేనా అర్థం?"

"అంతే."

"వాక్యం?"

దుర్గ తల్లి చెయ్యి తీసుకుంది. జీడికి నల్లబడి గరుకెక్కిన ఆ చేతిని తెచ్చి తన మోకాలి పైన పెట్టుకుంది. "అమ్మ సెయ్యి పాలియేటివ్" అంది.

"నిజమేనా? సెల్లుద్దా?"

"సెల్లుద్ది."

అప్పయమ్మ ఊరు చేరేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఇంటికొచ్చాక అందరికీ చెప్పింది. షెడ్డులో చెప్పింది, ఇంటి యజమానికి చెప్పింది, కూరగాయల బండివాడికి చెప్పింది. మా దుర్గకు పాలియేటివ్ ఇస్తున్నారు, నొప్పి పోతుంది, పరీక్షలకు లేచి వెళ్తుంది. వినేవాళ్ళలో ఎవరికీ ఆ మాట తెలియదు. పెద్ద వైద్యం కాబోలనుకుని తలాడించారు.

దుర్గ మాత్రం కొత్త పని ఒకటి మొదలెట్టింది. అమ్మకు అక్షరాలు నేర్పడం. ఇన్నాళ్ళూ మాటలే తప్ప అక్షరాల జోలికి పోలేదు. ఇప్పుడు బలపం కొనిపించి, పలక మీద బస్సు బోర్డులు రాయడం మొదలెట్టింది. నర్సీపట్నం, రోలుగుంట, నక్కపల్లి, విశాఖపట్నం. "ఇది సూసి ఏ బస్సో సెప్పు" అనేది. అప్పయమ్మ విసుక్కునేది. "నువ్వుండగా నాకిదంతా ఏలే?" అనేది. దుర్గ కాసేపు పలకవైపు చూసి, "నేర్సుకో అమ్మా" అనేది. ఫోను ఎలా తెరవాలో, అత్తకు ఎలా కలపాలో, మాట్లాడాలంటే ఏ గుర్తు నొక్కాలో చూపించేది. వద్దన్నా మళ్ళీ చూపించేది. మంచం మీంచి లేవలేని పిల్లకు తోచక చేస్తోందనుకుంది తల్లి. దగ్గు వస్తుంటే వీధిలో దుమ్మనుకుంది. ఆయాసం వస్తుంటే రక్తం తక్కువనుకుంది. మనసు నమ్మదలచుకోకపోతే ఎన్ని సాకులైనా దొరుకుతాయి.

నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో నొప్పి మాత్రలు ఇచ్చే నర్సు పేరు ప్రేమజ్యోతి. మెడలో సన్నటి సిలువ గొలుసు, మాటలో తొందర లేని మనిషి. ఒకరోజు మాత్రల డోసు పెంచి ఇస్తూ, రాత్రుళ్ళు నిద్ర పడుతోందా, అన్నం తింటోందా అని అడిగింది. అప్పయమ్మకు అడగాలని ఎన్నాళ్ళుగానో ఉన్న మాట ఒకటుంది.

"సిస్టరమ్మా, ఈ పాలియేటివ్ ఎప్పటికైపోద్దండీ? అయ్యాక కాలేజీకి పంపొచ్చు కదండీ? పరీక్షలకి టయిము దగ్గరపడింది."

ప్రేమజ్యోతి చేతిలో మాత్రల అట్ట అలాగే ఉండిపోయింది. చుట్టూ చూసింది. అప్పయమ్మను చెయ్యి పట్టి తీసుకెళ్ళి, వరండా చివర బల్ల మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"అక్కా, ఆ మాటకి అర్థం నీకెవరు సెప్పారు?"

"మా అమ్మాయే సెప్పిందండీ. నొప్పిని తగ్గించేదని."

"సెప్పింది నిజమే. కానీ అది సగమే అక్కా. నొప్పిని తగ్గిస్తాది. జబ్బుని తగ్గించదు. జబ్బుకి ఇంక మందు లేనప్పుడు, ఉన్నన్నాళ్ళూ బాధ లేకుండా సూడ్డానికి ఇచ్చేది." ఆవిడ మాత్రల అట్టను అప్పయమ్మ చేతిలో పెట్టింది. "నీకు తెలుసనుకున్నాను అక్కా. ఎవరో సెప్పే ఉంటారనుకున్నాను. యేసయ్యా."

అప్పయమ్మ ఏడవలేదు. అర్థమైందో లేదో తనకే తెలియనట్టు నర్సు మొహం వంకే చూస్తూ కూర్చుంది. మొదట వచ్చిన ఆలోచన, పిల్ల చనిపోతుందని కాదు. అది వెనకగా, మెల్లగా వచ్చింది. మొదట గుర్తొచ్చింది బస్సు. పిల్లకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. డాక్టరు చెప్పలేదు, చిన్న డాక్టరమ్మ చెప్పలేదు. ఆ కబురు మోసుకెళ్ళింది తను. కొంగున ముడేసుకుని, సంబరంగా తీసుకెళ్ళి, పిల్ల ఒళ్ళో పెట్టి, అర్థం చెప్పమంది. నీకు చావొచ్చిందే, అదేటో నాకు వివరంగా చెప్పవే అని కన్నకూతుర్ని అడిగింది. ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి, మింగుకుని, తల్లికి నొప్పి తగలకుండా సగం కోసి ఇచ్చింది. అబద్ధం కూడా చెప్పలేదు. సగం నిజాన్ని తనకిచ్చి, మిగతా సగాన్ని ఇన్నాళ్ళూ ఒక్కతే మోసింది. బస్సు బోర్డులు ఎందుకు నేర్పిందో అప్పుడు తెలిసింది అప్పయమ్మకు. అప్పుడేడ్చింది. వరండాలో మందుల కోసం నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూసేలా ఏడ్చింది. ప్రేమజ్యోతి ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది.

అక్కణ్ణుంచి ఇంటికి నడిచే దారంతా ఒకటే తగవు, తనతో తనకే. తెలియనట్టే ఉంటే? పిల్ల అంత కష్టపడి దాచింది. అమ్మకు తెలియదన్న ధైర్యంతోనే నవ్వుతోంది. తెలిసిందని చెబితే ఆ ఒక్క ఊతమూ లాగేసినట్టు కాదా? చెప్పకపోతే మాత్రం? ఆ రేకుల కింద ఇద్దరే ఉన్నారు. ఒకరికొకరు తప్ప దిక్కులేని ఇద్దరూ ఒకరినొకరు మోసం చేసుకుంటూ మిగిలిన రోజులన్నీ గడిపెయ్యడమా? పిల్లకు భయం వేయదా? వేస్తే ఎవరితో చెప్పుకుంటుంది? ఇన్నాళ్ళుగా ఎవరితో చెప్పుకుంది? ఈ చివరి ప్రశ్న దగ్గర అప్పయమ్మ ఒక పాన్‌షాపు బల్ల పట్టుకుని కాసేపు నిలబడింది. షాపువాడు మంచినీళ్ళిచ్చాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. దుర్గ దిండుకు జారబడి కూర్చుని ఉంది. గుండు మీద అక్కడక్కడ కొత్త జుట్టు మొలకలు. పలక ఒళ్ళో పెట్టుకుని 'అనకాపల్లి' అని రాస్తోంది. తల్లి ముఖం చూసి, "ఎండలో నడిసొచ్చావా? ఆటో ఎక్కమన్నాను కదేటి" అంది.

అప్పయమ్మ చెప్పులు విప్పింది. మాత్రలు గూట్లో పెట్టింది. కాళ్ళు కడుక్కుంది. పొయ్యి జోలికి పోలేదు. వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. మాట ఎలా మొదలెట్టాలో ఆవిడకు తెలియదు. ఆ ఇంట్లో కష్టమైన మాటను ముట్టుకోవడానికి ఒకే పద్ధతి ఉంది. ఆ పద్ధతినే పట్టుకుంది.

"నాను ఈయేల ఒక మాటకి అర్థం సెప్తాను. నువ్వు వాక్యం సెప్పు" అంది.

"నువ్వు సెప్తావా?" దుర్గ నవ్వింది. "సరే, సెప్పు."

"పాలియేటివ్." మంచం పట్టె పట్టుకుంది. "నొప్పిని తగ్గిస్తాది. జబ్బుని తగ్గించదు."

దుర్గ చేతిలో బలపం ఆగింది. నవ్వు ఇంకా మొహం మీద ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉంది. తల్లి కళ్ళలోకి చూసింది. అక్కడ దాచడానికేమీ మిగల్లేదు. వీధిలో ఎవరో పిల్లల్ని బేగి రమ్మని కేకేస్తున్నారు. పలక మెల్లగా ఒళ్ళోంచి జారి పక్క మీద పడింది.

"ఎవులు సెప్పారు?"

"సిస్టరమ్మ. నాను అడిగాను. ఆవిడ తప్పేటి లేదు."

దుర్గ పక్క మీద పడ్డ పలకను బోర్లించింది.

"వాక్యం సెప్పమ్మా" అంది అప్పయమ్మ. "మనింటిది. నిజమైంది."

ఇరవై ఏళ్ళు నిండిన పిల్ల, కాలేజీలో లేచి నిలబడి జవాబులు చెప్పిన పిల్ల, పాలపళ్ళు ఊడని రోజుల్లో ఉరుములకు జడిసి కొంగులో దూరినప్పటి గొంతుతో అంది.

"నాకు బయమేత్తందమ్మా."

పాలియేటివ్ అన్న మాట ఆ వాక్యంలో లేదు. అప్పయమ్మ చెల్లదనలేదు. లేచి మంచమెక్కి, పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. ఆ గుండును గుండెకు అదుముకుని, "నాకూ ఏత్తందమ్మా, నాకూను" అని భోరున ఏడ్చింది. దుర్గ కూడా ఏడ్చింది. బస్సులో ఏడవాల్సిందంతా, ఆ తర్వాత పలక మీద రాస్తూ, నవ్వుతూ మింగిందంతా ఆ సాయంత్రం తల్లి ఒళ్ళో ఏడ్చింది. అప్పయమ్మ వంట చెయ్యలేదు. ఇద్దరూ అలాగే ఒకే దిండు మీద పడుకుండిపోయారు.

వానలు మొదలయ్యేదాకా దుర్గ బతికింది. ఆ మిగిలిన రోజుల్లో కొత్త మాటలేవీ నేర్చుకోలేదు. కానీ భయం వేసినప్పుడల్లా అమ్మను పిలిచింది, ఏ వేళైనా సరే. పిలిచినప్పుడల్లా అప్పయమ్మ పక్కనే ఉంది.